గిట్‌నీ టికెట్లనీ కలిపి వాడటం: ఆర్నెల్ల తర్వాత వెతికే మనిషి కోసం

పాత కోడ్‌లో ఎక్కడో ఒక వింత కండిషన్ కనిపిస్తుంది, ఇది ఇక్కడెందుకు ఉంది, తీసేస్తే ఏం పాడవుతుంది అని అడుగుదామంటే రాసినవాళ్లు టీమ్ మారిపోయి ఉంటారు, లేదా రాసింది మనమే అయినా గుర్తుండదు. అప్పుడు మనకున్న దిక్కు రెండే, ఒకటి గిట్ హిస్టరీ, అంటే కోడ్‌లో జరిగిన ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్‌లోని చరిత్ర, రెండోది ఇష్యూ ట్రాకర్, అంటే బగ్‌లనీ పనులనీ టికెట్లుగా రాసిపెట్టుకునే చోటు. ఈ రెండూ శ్రద్ధగా వాడుకుంటూ వచ్చిన టీమ్‌లో జవాబు కాసేపట్లో దొరుకుతుంది. లేకపోతే ఆ కండిషన్ ముట్టుకోడానికి అందరూ భయపడి దాని చుట్టూ ఇంకో కండిషన్ పెడతారు, తర్వాత వచ్చినవాళ్లు దాని చుట్టూ మరొకటి పెడతారు. కోడ్‌లో ఏం మారిందో గిట్ ఎలాగూ చెప్తుంది, దానికి మనం ప్రత్యేకంగా కష్టపడక్కర్లేదు, ఎందుకు మారిందో మాత్రం మనం రాస్తేనే ఉంటుంది. కింద చెప్పేవన్నీ దాదాపు ఆ "ఎందుకు" పోకుండా చూసుకోడానికే.

కమాండ్లన్నీ పలికే పద్ధతిలో తెలుగులోనే రాశాను, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు మామూలుగానే కొట్టండి. బేసిక్స్, అంటే క్లోన్, కమిట్, పుష్, పుల్ మీకు వచ్చనే అనుకుంటున్నా.

కమిట్ దగ్గర మొదలుపెడదాం

ఒక కమిట్‌లో ఒకే పని ఉండాలి, ఇది అందరూ చెప్పేదే, కానీ ఎందుకో చెప్పరు. రేపు ఆ మార్పు వల్ల ప్రొడక్షన్‌లో తేడా వస్తే ఆ ఒక్క కమిట్‌ని రివర్ట్ చెయ్యగలగాలి, అంటే వెనక్కి తీసుకోగలగాలి. బగ్ ఫిక్సూ, ఫార్మాటింగూ, వేరియబుల్ పేరు మార్చడమూ మూడూ ఒకే కమిట్‌లో కుక్కేస్తే రివర్ట్ చేసినప్పుడు మూడూ పోతాయి. రివ్యూ చేసేవాళ్లకి కూడా నాలుగొందల లైన్ల ఫార్మాటింగ్ మధ్యలో ఉన్న మూడు లైన్ల అసలు మార్పు కనపడదు, చూసి చూసి కళ్లు లాగి అప్రూవ్ కొట్టేస్తారు.

"కానీ పని చేసేటప్పుడు అన్నీ కలిసిపోతాయి కదా" అంటారు, నిజమే, ఎవరికైనా కలిసిపోతాయి. దానికే గిట్ యాడ్ మైనస్ పీ ఉంది. అది మార్పుల్ని ముక్కలు ముక్కలుగా చూపించి ఒక్కోదానికి అవునా కాదా అని అడుగుతుంది, వై కొడితే స్టేజ్ అవుతుంది, అంటే వచ్చే కమిట్‌లోకి చేరుతుంది, ఎన్ కొడితే ఆ ముక్క చేరకుండా పక్కన ఉండిపోతుంది, ముక్క ఇంకా పెద్దగా ఉంటే ఎస్ కొడితే చిన్నగా చీలుస్తుంది. ఒకే ఫైల్‌లో రెండు పనులున్నా రెండు కమిట్లుగా విడదీసుకోవచ్చు. ఇందులో ఇంకో లాభం ఉంది, డీబగ్ కోసం పెట్టిన ప్రింట్ స్టేట్‌మెంట్లు, కామెంట్ చేసి మర్చిపోయిన లైన్లు అన్నీ ఇక్కడే దొరికిపోతాయి. గిట్ యాడ్ డాట్ కొట్టే అలవాటు మానేసి ఒక వారం ఇది వాడి చూడండి, కమిట్ కొట్టే ముందు, స్టేజ్ చేసినవాటిలో ఏ లైన్లు మారాయో చూపించే గిట్ డిఫ్ స్టేజ్‌డ్ ఒకసారి చూడండి, రివ్యూలో వచ్చే చిన్నచిన్న కామెంట్లు చాలావరకు తగ్గిపోతాయి.

ఇక మెసేజ్. మొదటి లైన్ సుమారు 50 అక్షరాల లోపు, తర్వాత ఒక ఖాళీ లైన్, తర్వాత 72 అక్షరాలకి మడుస్తూ వివరం, ఇదీ ఆనవాయితీ. ఈ ఖాళీ లైన్ ఏదో అందం కోసం పెట్టింది కాదు. గిట్‌ని 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లైనక్స్ కెర్నల్ కోసం మొదలుపెట్టాడు, అక్కడ ప్యాచ్‌లన్నీ ఈమెయిల్‌లో తిరుగుతాయి, అందుకని కమిట్‌ని మెయిల్‌గా మార్చేటప్పుడు మొదటి లైన్ సబ్జెక్ట్ అవుతుంది, మిగతాది బాడీ అవుతుంది. ఖాళీ లైన్ పెట్టకపోతే రెండూ కలిసిపోయి, కమిట్ల జాబితా చూపించే లాగ్ వన్‌లైన్‌లో చాంతాడంత లైన్ వస్తుంది. మీరు మెయిల్‌లో ప్యాచ్‌లు పంపకపోయినా మీ టూల్స్ అన్నీ ఆ మొదటి లైన్‌నే టైటిల్‌గా చూపిస్తాయి.

మెసేజ్‌లో ఏం రాయాలి అంటే, డిఫ్‌లో కనపడనిది రాయాలి. "టైమౌట్ 30 నుంచి 90 చేశాను" అనేది డిఫ్ చూస్తే ఎవరికైనా తెలుస్తుంది, దానికి మెసేజ్ ఎందుకు. ఇలా రాస్తే పనికొస్తుంది:

"రిపోర్ట్ డౌన్‌లోడ్: టైమౌట్ 90 సెకన్లకి పెంపు

పెద్ద అకౌంట్లకి రిపోర్ట్ తయారవడానికి నిమిషం దాటుతోంది, 30 సెకన్లకే కనెక్షన్ తెగి ఖాళీ ఫైల్ వస్తోంది. బ్యాక్‌గ్రౌండ్ జాబ్‌గా మార్చడం సరైన పరిష్కారం, అది వేరే టికెట్‌లో ఉంది, అప్పటిదాకా ఇది. ఆ జాబ్ వచ్చాక దీన్ని మళ్లీ 30కి తేవచ్చు."

చివర్లో టికెట్ నంబర్. ఇది చదివిన మనిషికి ఆ 90 అంకె ఎందుకొచ్చిందో, ఎప్పుడు తీసెయ్యొచ్చో రెండూ తెలిసిపోయాయి, ఎవర్నీ అడగక్కర్లేదు. "ఫిక్స్", "అప్‌డేట్", "రివ్యూ కామెంట్స్" లాంటి మెసేజ్‌లు మాత్రం షేర్డ్ బ్రాంచ్‌లోకి వెళ్లనివ్వకండి. మీ సొంత బ్రాంచ్‌లో పని మధ్యలో ఏమైనా పెట్టుకోండి, మెర్జ్ ముందు, అంటే మెయిన్ బ్రాంచ్‌లో కలిపే ముందు, కమిట్లని తిరగరాసే గిట్ రీబేస్ మైనస్ ఐతో సర్దుకోవచ్చు. రివ్యూలో వచ్చిన దిద్దుబాట్లకి గిట్ కమిట్ ఫిక్సప్ అని పాత కమిట్ హాష్, అంటే దాని గుర్తింపు కోడ్, ఇస్తే, తర్వాత రీబేస్ మైనస్ ఐ ఆటోస్క్వాష్ కొట్టినప్పుడు అవన్నీ వాటి వాటి కమిట్ల కిందకి వెళ్లిపోతాయి. ఇది తెలియక చాలామంది ఎడిటర్‌లో లైన్లు ఒక్కొక్కటే పైకీ కిందకీ జరుపుకుంటూ ఉంటారు.

మీ టీమ్‌లో స్క్వాష్ మెర్జ్ వాడుతుంటే ఇంకో విషయం చూసుకోవాలి. బ్రాంచ్‌లో ఎన్ని మంచి మెసేజ్‌లు రాసినా చివరికి మెయిన్‌లో ఒక్క కమిటే మిగులుతుంది, దాని మెసేజ్ చాలాసార్లు పుల్ రిక్వెస్ట్ (నా బ్రాంచ్‌ని చూసి కలపండి అని పెట్టే అభ్యర్థన) టైటిల్ నుంచి వస్తుంది. అంటే ఆ టైటిల్, డిస్క్రిప్షనే మీ అసలు కమిట్ మెసేజ్ అన్నమాట, కాబట్టి శ్రద్ధ అక్కడ పెట్టండి. మెర్జ్ బటన్ నొక్కేటప్పుడు వచ్చే బాక్స్‌లో ఏముందో ఒకసారి చదివి, అనవసరంగా వచ్చిన లైన్లు తీసేసి అప్పుడు నొక్కండి.

టికెట్ రాయడం

టికెట్ బాగా రాయడం టెస్టర్ల పని అని చాలామంది డెవలపర్లు అనుకుంటారు, నేను దీన్ని అస్సలు ఒప్పుకోను. టికెట్ ఎవరు రాసినా చదివేది డెవలపరే, సగం టికెట్లు మనమే రైజ్ చేస్తాం కూడా.

టైటిల్ చూడగానే ఎక్కడ, ఎప్పుడు, ఏం జరుగుతోంది అనేది తెలియాలి. "లాగిన్ పనిచెయ్యట్లేదు" అంటే ఏమీ చెప్పనట్టే. "పాస్‌వర్డ్‌లో ప్లస్ గుర్తు ఉంటే మొబైల్ యాప్‌లో లాగిన్ ఫెయిల్ అవుతోంది" అంటే సగం డీబగ్గింగ్ అక్కడే అయిపోయింది, పైగా రేపు ఇదే సమస్య వచ్చినవాళ్లు వెతికితే దొరుకుతుంది కూడా. లోపల నాలుగు విషయాలు ఉండాలి. ఏం చేస్తే వస్తుంది, అంటే స్టెప్స్, సున్నా నుంచి. ఏం వస్తుందనుకున్నారు. నిజానికి ఏం వచ్చింది. ఏ వెర్షన్‌లో, ఏ ఎన్విరాన్‌మెంట్‌లో. ఈ నాలుగింట్లో ఎక్కువగా వదిలేసేది రెండోది, "ఇది తప్పు" అని రాస్తారు గానీ ఏది ఒప్పో రాయరు, తీరా చూస్తే అది బగ్ కాదు, రిక్వైర్‌మెంట్ మీద ఇద్దరికి రెండు రకాల అభిప్రాయాలున్నాయి అని రెండ్రోజులు కామెంట్లు కొట్టుకున్నాక తేలుతుంది. వెర్షన్ దగ్గర "లేటెస్ట్" అని రాయకండి, రేపటికి లేటెస్ట్ మారిపోతుంది. రిలీజ్ నంబరో, కమిట్ హాష్‌లో మొదటి కొన్ని అక్షరాలో రాస్తే అది ఎప్పటికీ అదే.

ఎర్రర్ మెసేజ్‌ని స్క్రీన్‌షాట్‌గా మాత్రమే పెట్టొద్దు, టెక్స్ట్‌గా కూడా అతికించండి. బొమ్మలో ఉన్న అక్షరాల్ని ట్రాకర్ సెర్చ్ చాలాసార్లు పట్టుకోదు, ఆర్నెల్ల తర్వాత అదే ఎర్రర్ వచ్చిన మనిషి ఆ మెసేజ్‌ని కాపీ చేసి వెతికితే మీ టికెట్ రాదు, మళ్లీ మొదట్నుంచి మొదలుపెడతాడు. లేఅవుట్ విరిగింది, రంగు తప్పుంది అనే వాటికి స్క్రీన్‌షాట్ బాగుంటుంది, ఎర్రర్ ఏ ఫంక్షన్ల మీదుగా వచ్చిందో చెప్పే స్టాక్ ట్రేస్‌కి పనికిరాదు. లాగ్ అతికించే ముందు అందులో టోకెన్లు, యూజర్ల ఫోన్ నంబర్లు, మెయిల్ ఐడీలు ఉన్నాయేమో చూసి తీసెయ్యండి, టికెట్ చూసేవాళ్లందరికీ అవి చూసే హక్కు ఉండదు.

రైజ్ చేసే ముందు ఒక్క నిమిషం వెతకండి, ఓపెన్ వాటిలోనే కాదు క్లోజ్ అయినవాటిలో కూడా, చాలా ట్రాకర్లలో డిఫాల్ట్‌గా ఓపెన్‌వే చూపిస్తాయి కాబట్టి ఫిల్టర్ తీసేసి వెతకాలి. ఒక టికెట్‌లో ఒకే బగ్ పెట్టండి. "పనిలో పనిగా ఇది కూడా" అని రెండోది కలిపితే, ఒకటి ఫిక్స్ అయి ఇంకోటి కాకపోతే ఆ టికెట్‌ని ఓపెన్ అనాలా క్లోజ్ అనాలా ఎవరికీ తెలియదు.

సివియారిటీ, ప్రయారిటీ రెండూ ఒకటే అనుకుని నింపేస్తుంటారు. సివియారిటీ అంటే దెబ్బ ఎంత పెద్దది, ప్రయారిటీ అంటే ఎంత తొందరగా చెయ్యాలి. మొదటి పేజీలో పేరు తప్పు పడితే దెబ్బ చిన్నదే, కానీ ఇవాళే మార్చాలి. ఎవరూ వాడని పాత స్క్రీన్‌లో క్రాష్ అయితే దెబ్బ పెద్దదే, కానీ వచ్చే నెలైనా పర్లేదు.

రెండింటినీ ముడెయ్యడం

నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది ఇదే. కమిట్ నుంచి టికెట్‌కి, టికెట్ నుంచి కమిట్‌కి ఒక్క క్లిక్‌లో వెళ్లగలగాలి. బ్రాంచ్ పేరులో టికెట్ నంబర్ పెట్టండి, కమిట్ మెసేజ్‌లో కూడా పెట్టండి. బ్రాంచ్‌లో ఉంది కదా అని కమిట్‌లో మానేస్తారు, కానీ మెర్జ్ అయ్యాక బ్రాంచ్ డిలీట్ అవుతుంది, ఆ పేరు ఎక్కడా మిగలకపోవచ్చు, కమిట్ మెసేజ్ మాత్రం ఉంటుంది.

గిట్‌హబ్‌లో పుల్ రిక్వెస్ట్ డిస్క్రిప్షన్‌లో ఫిక్సెస్, క్లోజెస్, రిజాల్వ్స్ లాంటి మాట రాసి # గుర్తుతో ఇష్యూ నంబర్ ఇస్తే, అది మెర్జ్ అవ్వగానే ఇష్యూ దానంతటదే క్లోజ్ అవుతుంది. గిట్‌ల్యాబ్‌లో కూడా ఇలాంటిదే ఉంది. ఇది డిఫాల్ట్ బ్రాంచ్‌లోకి మెర్జ్ అయితేనే పనిచేస్తుంది, డెవలప్ అనో రిలీజ్ అనో వేరే బ్రాంచ్‌లోకి మెర్జ్ చేసి "ఎందుకు క్లోజ్ అవ్వలేదు" అని చూస్తూ కూర్చోవద్దు. టికెట్‌లో సగం పనే అయితే ఆ మాటలు వాడకుండా ఉత్త నంబర్ ఇవ్వండి, లింక్ పడుతుంది, క్లోజ్ మాత్రం అవ్వదు. జీరా లాంటి విడి ట్రాకర్ అయితే రెపోతో కనెక్షన్ సెట్ చేయించి, ప్రాజెక్ట్ కీతో సహా నంబర్ రాయాలి, కనెక్షన్ లేకపోయినా రాయండి, కాపీ చేసి వెతుక్కోడానికైనా పనికొస్తుంది.

కెర్నల్ వాళ్ల దగ్గర ఒక మంచి అలవాటు ఉంది. బగ్ ఫిక్స్ చేసే కమిట్‌లో, ఆ బగ్‌ని తెచ్చిన పాత కమిట్ హాష్‌లో మొదటి 12 అక్షరాలు, దాని టైటిల్ కలిపి ఫిక్సెస్ అనే లైన్‌లో రాస్తారు. దాంతో ఏ పాత రిలీజ్‌లలో ఆ బగ్ ఉందో, ఎక్కడెక్కడికి ఈ ఫిక్స్ పంపాలో తేలిగ్గా తేలుతుంది. ఒకటికి మించి వెర్షన్లు మెయింటెయిన్ చేసే టీమ్ ఏదైనా దీన్ని మొదలుపెట్టొచ్చు, ఖర్చేమీ లేదు.

ఇంకోటి, నిర్ణయాలు చాట్‌లోనో కాల్‌లోనో జరిగిపోతాయి. జరగనివ్వండి, అది తప్పు కాదు, కానీ అయిపోగానే రెండు లైన్లు టికెట్‌లో రాయండి. "ఫలానా పద్ధతి వద్దనుకున్నాం, కారణం ఇది" అనేది అన్నిటికంటే విలువైన కామెంట్, ఎందుకంటే వద్దనుకున్నది కోడ్‌లో ఎక్కడా కనపడదు, ఆరు నెలలకి ఇంకొకరు అదే ఐడియాతో వచ్చి అదే గోడకి తల కొట్టుకుంటారు.

బ్రాంచ్‌లు, కాన్‌ఫ్లిక్ట్‌లు

బ్రాంచ్ ఎన్నాళ్లు బతికితే మెర్జ్ అంత నరకం. రెండు మూడు రోజుల్లో మెర్జ్ అయ్యేంత చిన్న పనిగా చీల్చుకోండి, ఫీచర్ పూర్తవ్వకపోయినా ఆన్, ఆఫ్ చెయ్యగల ఫ్లాగ్ వెనక దాచి మెర్జ్ చెయ్యొచ్చు. ఎక్కువరోజులు తప్పదు అంటే మెయిన్‌ని రోజూ మీ బ్రాంచ్‌లోకి తెచ్చుకుంటూ ఉండండి, కాన్‌ఫ్లిక్ట్‌లు, అంటే ఒకే చోట ఇద్దరు వేర్వేరుగా మార్చినప్పుడు వచ్చే చిక్కులు, చిన్నచిన్నవిగా వస్తాయి.

రీబేసా మెర్జా అనే గొడవ ఎప్పటికీ తెగదు, నా పద్ధతి సింపుల్, నా ఒక్కడి బ్రాంచ్ అయితే రీబేస్, ఇంకొకరు కూడా దాని మీద పనిచేస్తుంటే మెర్జ్. రీబేస్ పాత కమిట్ల స్థానంలో కొత్త హాష్‌లతో కొత్త కమిట్లు తయారుచేస్తుంది, పక్కవాళ్ల దగ్గర పాతవే ఉంటాయి కాబట్టి వాళ్లు పుల్ చేస్తే ఒకే మార్పు రెండుసార్లు కనిపించి గందరగోళం అవుతుంది. రీబేస్ తర్వాత పుష్ చెయ్యాలంటే ఫోర్స్ కావాలి, అప్పుడు ఉత్త ఫోర్స్ కాకుండా ఫోర్స్ విత్ లీజ్ వాడండి, రిమోట్‌లో మీరు చూడని కమిట్ ఏదైనా వచ్చి ఉంటే ఆపేస్తుంది. అయితే కొన్ని ఎడిటర్లు వెనకాల వాటంతటవే ఫెచ్ చేస్తుంటాయి, అంటే రిమోట్‌లో వచ్చిన కొత్తవి తెచ్చుకుంటుంటాయి, అప్పుడు గిట్ లెక్కలో మీరు చూసినట్టే కాబట్టి ఈ రక్షణ పనిచెయ్యదు, ఆ ఆటో ఫెచ్ ఆపుకోవడం మంచిది. మెయిన్ బ్రాంచ్‌కి మాత్రం సర్వర్‌లోనే ప్రొటెక్షన్ పెట్టించి ఫోర్స్ పుష్ పూర్తిగా ఆపేయించండి.

కాన్‌ఫ్లిక్ట్ వచ్చినప్పుడు మామూలుగా గిట్ రెండు వైపులే చూపిస్తుంది, మనదీ వాళ్లదీ. అసలు మొదట ఏముందో తెలియకుండా ఎవరు ఏం మార్చారో ఎలా చెప్తాం? మెర్జ్ డాట్ కాన్‌ఫ్లిక్ట్‌స్టైల్ అనే సెట్టింగ్‌ని డిఫ్3 అని పెడితే మధ్యలో పాత వెర్షన్ కూడా వస్తుంది, గిట్ 2.35 నుంచి జెడ్‌డిఫ్3 అని ఇంకా శుభ్రంగా చూపించేది కూడా ఉంది. ఇది పెట్టుకున్నాక తీసెయ్యాలనిపించదు. అయినా అర్థం కాకపోతే ఊహించి కలపకండి, అవతలి కమిట్‌లో ఉన్న టికెట్ నంబర్ పట్టుకుని టికెట్ చదవండి, లేదా ఆ రాసిన మనిషిని పిలిచి ఇద్దరూ కలిసి చెయ్యండి. మధ్యలో ఏమైపోయిందో తెలియకుండా పోతే మెర్జ్ అబార్ట్, రీబేస్ అబార్ట్ ఎప్పుడూ ఉన్నాయి. అవే కాన్‌ఫ్లిక్ట్‌లు మళ్లీ మళ్లీ వస్తుంటే రెరెరె అనే సెట్టింగ్ ఆన్ చేసుకోండి, ఒకసారి ఎలా పరిష్కరించారో గుర్తుపెట్టుకుని తర్వాత అదే వాడుతుంది.

వెతకడం, అసలు ఫలితం కనిపించేది ఇక్కడే

ఇన్నాళ్లూ రాసిందంతా ఇక్కడ పనికొస్తుంది. గిట్ బ్లేమ్ అందరికీ తెలుసు, పేరు అలా ఉంది గానీ ఎవర్నో తిట్టడానికి కాదు, ఆ లైన్ చివరిసారి ఏ కమిట్‌లో మారిందో చూసి ఆ మెసేజ్ చదవడానికి. చిక్కేంటంటే ఎవరో మొత్తం ఫైల్‌కి ఫార్మాటర్ రన్ చేసి ఉంటే ప్రతి లైన్ మీదా ఆ కమిటే కనిపిస్తుంది. మైనస్ డబ్ల్యూ పెడితే స్పేస్ మార్పులు పట్టించుకోదు, మైనస్ పెద్ద సీ పెడితే వేరే ఫైల్ నుంచి జరిపిన లైన్ల అసలు మూలం వెతుకుతుంది. ఇంకా మంచిది, ఫార్మాటింగ్ కమిట్ల హాష్‌లన్నీ ఒక ఫైల్‌లో రాసి రెపోలో పెట్టి, బ్లేమ్ డాట్ ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ అనే సెట్టింగ్‌లో దాని పేరు ఇస్తే బ్లేమ్ వాటిని దాటేసి వెనక్కి వెళ్తుంది. ఫార్మాటింగ్ విడి కమిట్‌గా పెట్టమని పైన అంత గట్టిగా చెప్పింది ఇందుకు కూడా.

బ్లేమ్ ఇప్పుడున్న లైన్లకే పనికొస్తుంది, తీసేసిన కోడ్ ఎక్కడికి పోయిందో చెప్పదు. దానికి గిట్ లాగ్ మైనస్ పెద్ద ఎస్, పక్కన ఆ ఫంక్షన్ పేరు. ఆ మాట ఎన్నిసార్లు ఉందో ఆ లెక్క మారిన కమిట్లన్నీ చూపిస్తుంది, అంటే మొదట ఎప్పుడొచ్చింది, ఎప్పుడు పోయింది రెండూ దొరుకుతాయి. ఒకే ఫైల్‌లో పైనుంచి కిందకి జరిపితే లెక్క మారదు కాబట్టి అది చూపించదు, అలాంటివి కూడా కావాలంటే మైనస్ పెద్ద జీ. ఒక ఫంక్షన్ చరిత్ర మొత్తం మొదట్నుంచి చూడాలంటే గిట్ లాగ్ మైనస్ పెద్ద ఎల్‌కి లైన్ నంబర్ల రేంజ్, ఫైల్ పేరు ఇవ్వండి, ఆ ముక్క ఎలా ఎలా మారుతూ వచ్చిందో వరసగా చూపిస్తుంది. ఇది నాకు చాలా ఇష్టమైన కమాండ్, కొత్త ప్రాజెక్ట్‌లోకి వెళ్లినప్పుడు ముఖ్యమైన నాలుగైదు ఫంక్షన్ల మీద ఇది కొట్టి చదివితే డాక్యుమెంటేషన్‌లో లేనివి కూడా తెలుస్తాయి.

ఇక "పోయిన నెల పనిచేసింది, ఇప్పుడు చెయ్యట్లేదు" అనే బగ్‌కి బైసెక్ట్. గిట్ బైసెక్ట్ స్టార్ట్, ఇప్పటిది బ్యాడ్, పాత మంచి వెర్షన్ గుడ్ అని చెప్తే అది సరిగ్గా మధ్య కమిట్‌ని తీసి చూపిస్తుంది, మీరు టెస్ట్ చేసి గుడ్డా బ్యాడా చెప్తే మళ్లీ సగానికి సగం తగ్గిస్తుంది. వెయ్యి కమిట్లున్నా సుమారు 10 సార్లు చూస్తే తప్పు చేసిన కమిట్ దొరికిపోతుంది. టెస్ట్ స్క్రిప్ట్ ఉంటే గిట్ బైసెక్ట్ రన్ కొట్టి వేరే పని చూసుకోవచ్చు. స్క్రిప్ట్ సున్నా ఇస్తే మంచిది, 1 లాంటిది ఇస్తే చెడ్డది, బిల్డ్ అవ్వని కమిట్లకి 125 ఇస్తే వదిలేసి పక్కదానికి వెళ్తుంది. అయిపోయాక బైసెక్ట్ రీసెట్ మర్చిపోకండి. చివరికి దొరికిన కమిట్ రెండు వేల లైన్ల "అన్నీ కలిపి" కమిట్ అయితే మాత్రం బైసెక్ట్ కూడా చేసేదేం లేదు, మళ్లీ చేత్తో వెతుక్కోవాలి. చిన్న కమిట్లు, ప్రతి కమిట్ బిల్డ్ అవ్వాలి అనే పట్టుదల ఈ రోజు కోసమే.

ఈ కమాండ్లలో ఏది కొట్టినా ఫలితం వింతగా ఉంటే క్లోన్ షాలోగా ఉందేమో చూడండి, డెప్త్ పెట్టి క్లోన్ చేసిన రెపోలో పాత హిస్టరీ ఉండదు, ఫెచ్ అన్‌షాలో కొడితే మొత్తం వస్తుంది.

తప్పు జరిగితే వెనక్కి

కమిట్ చెయ్యని మార్పుల్ని పారెయ్యాలంటే గిట్ రిస్టోర్. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచి చెకౌట్ చేసే పనిని స్విచ్, రిస్టోర్ అని రెండుగా విడదీశారు, కొత్తవాళ్లకి ఇవే నేర్పించండి, బ్రాంచ్ మారబోయి ఫైల్ పోగొట్టుకునే ప్రమాదం తగ్గుతుంది. పుష్ చేసేసిన కమిట్‌ని తియ్యాలంటే రివర్ట్, హిస్టరీ అలాగే ఉండి దానికి వ్యతిరేకంగా కొత్త కమిట్ వస్తుంది. రివర్ట్ మెసేజ్‌ని డిఫాల్ట్‌గా వదలకుండా ఎందుకు తీస్తున్నారో రాసి, టికెట్‌ని రీఓపెన్ చెయ్యండి. మెర్జ్ కమిట్‌ని రివర్ట్ చేస్తే ఒక మెలిక ఉంది. తర్వాత అదే బ్రాంచ్‌ని సరిచేసి మళ్లీ మెర్జ్ చేస్తే పాత మార్పులు రావు, గిట్ లెక్కలో అవి ముందే మెర్జ్ అయిపోయాయి. ముందు ఆ రివర్ట్‌నే రివర్ట్ చేసి అప్పుడు మెర్జ్ చెయ్యాలి.

రీసెట్ హార్డ్ కొట్టో, రీబేస్‌లో ఏదో తప్పు చేసో కమిట్ పోయింది అనిపిస్తే కంగారు పడొద్దు, కొత్త కమాండ్లు కూడా కొట్టొద్దు, ముందు గిట్ రెఫ్‌లాగ్ చూడండి. హెడ్, అంటే మీరు ఇప్పుడున్న కమిట్‌ని చూపించే గుర్తు, ఎక్కడెక్కడ తిరిగిందో అంతా అందులో ఉంటుంది, పాత హాష్ పట్టుకుని దాని మీద కొత్త బ్రాంచ్ తీస్తే పని వెనక్కొచ్చేసినట్టే. మామూలు సెట్టింగ్స్‌లో ఏ బ్రాంచ్‌కీ అందని కమిట్ల రెఫ్‌లాగ్ ఎంట్రీలు 30 రోజులు, మిగతావి 90 రోజులు ఉంటాయి. రెఫ్‌లాగ్ మీ మెషిన్‌లో మాత్రమే ఉంటుంది, ఫోల్డర్ డిలీట్ చేసి మళ్లీ క్లోన్ చేస్తే అదీ పోతుంది, అందుకే "మొత్తం డిలీట్ చేసి కొత్తగా క్లోన్ చెయ్" అనే సలహా ఎవరైనా ఇస్తే కాస్త ఆగండి. కమిట్ చెయ్యకుండా స్టేజ్ మాత్రమే చేసినవి పోతే ఎఫ్ఎస్‌సీకే లాస్ట్ ఫౌండ్‌తో వెతకొచ్చు. స్టేజ్ కూడా చెయ్యనివి మాత్రం గిట్‌కి తెలియనే తెలియవు, కాబట్టి రిస్క్ ఉన్న పని ముందు ఒక టెంపరరీ కమిట్ కొట్టెయ్యండి.

పాస్‌వర్డో ఏపీఐ కీయో కమిట్‌లో పడి పుష్ అయిపోతే, మొదట చెయ్యాల్సింది హిస్టరీ శుభ్రం చెయ్యడం కాదు, ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవడం. ఒకసారి బయటికి పోయాక ఎవరు పుల్ చేశారో, ఎక్కడ కాపీ అయిందో తెలియదు. ఆ తర్వాత తీరిగ్గా గిట్ ఫిల్టర్ రెపోతో హిస్టరీలోంచి తియ్యొచ్చు, అందరూ మళ్లీ క్లోన్ చేసుకోవాల్సి వస్తుంది కాబట్టి ముందే చెప్పాలి. గిట్ ఇగ్నోర్‌లో ఫైల్ పేరు రాస్తే ముందే ట్రాక్ అవుతున్న ఫైల్ ఆగదు, గిట్ ఆర్ఎం క్యాష్‌డ్ కూడా కొట్టాలి, అది డిస్క్ మీద ఫైల్‌ని ఉంచి ట్రాకింగ్ మాత్రం ఆపుతుంది. పెద్ద బైనరీ ఫైళ్లు కూడా కమిట్ చెయ్యకండి, గిట్‌హబ్ అయితే 100 ఎంబీ దాటిన ఫైల్‌ని పుష్‌లోనే ఆపేస్తుంది, అలాంటివాటికి ఎల్ఎఫ్ఎస్ అనే పెద్ద ఫైళ్ల ఎక్స్‌టెన్షన్ ఉంది.

టికెట్లు క్లోజ్ చెయ్యడం

టికెట్ తెరవడం మీద ఉన్నంత శ్రద్ధ మూసేటప్పుడు ఉండదు. "డన్" అని మూసేస్తే తర్వాత వచ్చినవాళ్లకి ఏమీ తెలియదు. కారణం ఏమిటి, ఏ కమిట్‌లో పోయింది, ఏ రిలీజ్‌లో వస్తుంది, ఎలా చెక్ చేశారు, ఈ నాలుగూ రెండు మూడు లైన్లలో రాయొచ్చు. 1998లో మోజిల్లా నుంచి వచ్చిన బగ్జిల్లాలో ఫిక్స్‌డ్, డూప్లికేట్, వోంట్‌ఫిక్స్, వర్క్స్‌ఫర్‌మీ లాంటి విడివిడి రిజల్యూషన్లు ఉండేవి, ఇప్పటికీ చాలా ట్రాకర్లలో అలాంటివే ఉన్నాయి, వాటిని సరిగ్గా వాడండి, ఫిక్స్ చెయ్యనిదాన్ని ఫిక్స్‌డ్ అని మూస్తే సెర్చ్ చేసేవాళ్లు మోసపోతారు. డూప్లికేట్ అయితే అసలు టికెట్ లింక్ తప్పకుండా ఇచ్చి, దీన్లో ఉన్న అదనపు వివరం దాన్లోకి కాపీ చేసి అప్పుడు మూయండి. చెయ్యబోం అనుకుంటే మర్యాదగా కారణం రాసి మూసెయ్యండి. రాసిన మనిషి కష్టపడి స్టెప్స్ ఇచ్చాడు, ఏళ్ల తరబడి బ్యాక్‌లాగ్‌లో ఉంచి ఆశపెట్టడం కన్నా కాదని చెప్పడమే అతనికి గౌరవం.

లేబుల్స్ తక్కువ పెట్టుకోండి, నలభై లేబుల్స్ ఉంటే ఎవరూ పెట్టరు. వారానికోసారి అరగంట ఇద్దరు ముగ్గురు కూర్చుని కొత్తగా వచ్చినవి మాత్రం చూడండి, అర్థం కానివాటికి ప్రశ్న అడగండి, ఓనర్ లేనివాటికి ఓనర్‌ని పెట్టండి. అసైనీ దగ్గర ఒకే పేరు ఉండాలి, ఇద్దరున్నారంటే ఎవరూ లేనట్టే లెక్క. పాతదాన్ని రీఓపెన్ చెయ్యాలా కొత్తది తెరవాలా అనే సందేహం తరచుగా వస్తుంది. ఫిక్స్ ఇంకా రిలీజ్ కాకముందే పనిచెయ్యట్లేదని తేలితే పాతదే రీఓపెన్ చెయ్యండి, రిలీజ్ అయ్యి కొన్నాళ్లు బాగానే నడిచి మళ్లీ వస్తే కొత్తది తెరిచి పాతదానికి లింక్ పెట్టండి. అప్పుడు కారణం వేరే అయ్యే అవకాశం ఎక్కువ, రెండు కథలూ ఒకే టికెట్‌లో కలిస్తే ఏ కామెంట్ ఏ కమిట్‌దో విడదీయడం కష్టం.